ఆఖరి చెయ్యి

లోకంలో ఎవరైనా ఒక పని ఒకసారి చేసి చేతులు కడుక్కుంటారు. జమున ఇంట్లో మాత్రం ప్రతి తలుపుకూ పాలిష్ రెండుసార్లు పడుతుంది. కుర్చీ వచ్చినా అంతే, మంచం వచ్చినా అంతే. మొదట మొగుడు సదానందం పెడతాడు. ఆయన నిద్రపోయాక దాన్ని రుద్దిపారేసి జమున మళ్లీ పెడుతుంది. రెండేళ్ల నుంచీ ఇదే వరస. ఆమెకు యాభై రెండేళ్లు. కుడి భుజం పైకి లేవాలంటే ముందు ఎడమ చేత్తో మోచెయ్యి పట్టి లేపాలి. అయినా చేస్తుంది. ఎందుకని అడిగితే ఏం చెబుతాం, వినండి.

గోదావరిఖని చుట్టుపక్కల సదానందం పాలిష్ అంటే తెలియని వడ్రంగి లేడు. మంచిర్యాల నుంచి, శ్రీరాంపూర్ నుంచి కూడా తలుపులూ మంచాలూ ట్రాలీ ఆటోలెక్కి గోదావరి బ్రిడ్జి దాటి ఆయన రేకుల షెడ్డుకు వస్తాయి. ముప్పై ఏళ్ల పేరు. ఆ పేరు ఇప్పటికీ చెక్కు చెదరలేదు. దాని వెనకున్న చెయ్యి మాత్రం మారింది. ఈ సంగతి తెలిసింది ఇద్దరికే. ఒకరు జమున, రెండోది పక్కింటి లింగవ్వ. సదానందానికి తెలియదు. తెలియకూడదనే ఈ చాకిరీ అంతా.

పనేమిటో చెబితే గానీ చాకిరీ ఏమిటో అర్థం కాదు. వడ్రంగి చేసి పంపిన టేకు తలుపును ముందు ఎమిరీ కాగితంతో రుద్దాలి. మేకుల బొక్కలు, పగుళ్లు లప్పం పెట్టి పూడ్చాలి. మళ్లీ రుద్దాలి. అప్పుడు లక్కపొలుసులు స్పిరిట్‌లో కరిగించి, దూదిని మెత్తటి పాతగుడ్డలో చుట్టి, పోట్లీ కట్టి, దాంతో పూత పెట్టాలి. ఆరాక రుద్దాలి, మళ్లీ పూత పెట్టాలి. అలా ఏడెనిమిది పూతలయ్యాక అన్నిటికన్నా పైది ఒకటుంటుంది. దాన్ని ఆఖరి చెయ్యి అంటారు. పోట్లీని తలుపు పైఅంచుకు ఆనించి, కింది అంచు దాకా ఎక్కడా ఆగకుండా ఒకే లాగుడు లాగాలి. నడుమ చెయ్యి ఏమాత్రం తడబడ్డా అక్కడ గీత పడుతుంది. తడి మీద ఆ గీత కనపడదు. ఆరాకే బయటపడుతుంది.

రుద్దుడు ఎప్పుడూ జమునది, పోట్లీ ఎప్పుడూ సదానందానిది. మేనబావా మరదళ్లు, పెళ్లయిన నెలకే పని అలా పంచుకున్నారు. ఆ పంపకం మీద ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా మాటా మాటా అనుకున్నది లేదు.

రెండేళ్ల కింద సదానందం కుడి చెయ్యి వణకడం మొదలుపెట్టింది. అంతకుముందే కంటిచూపు మసకబారి ఉంది. కరీంనగర్ దవాఖానలో డాక్టరు నరాల జబ్బన్నాడు, గోళీలు రాశాడు, పోయేముందు "ఇగ ఆ పని బంద్ చెయ్యి పెద్దాయనా" అని కూడా అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉంటే వాడి సొమ్మేం పోయేదో! ఇంటికొచ్చిన మనిషి గోడకు ముఖం పెట్టి పడుకున్నాడు. ఒకరోజా, రెండ్రోజులా, పదకొండు రోజులు. తినడు, స్నానం చెయ్యడు, పిలిస్తే పలకడు. ఆయన తల ఆనిన చోట గోడ మీద నూనె మరక పడింది. ఈ మనిషి ఇక లేవడేమోనని జమునకు గుండెలో రాయి పడింది. పన్నెండో రోజు ఆమే పోట్లీ కట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"గీ కుర్చీ రేపు తీస్కపోతరట బావా. ఆఖరి చెయ్యి ఎవలు పెట్టాలె? నాకు రాదు కద."

లేచాడు. కుర్చీ ముందు కూర్చుని ఆఖరి చెయ్యి పెట్టాడు. "సూసినవా, పోట్లీ పట్టంగనే వణుకుడు ఆగింది" అన్నాడు సంబరంగా. ఆగలేదు. ఆయన కళ్లకు కనపడలేదు, అంతే. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిని, గోళీ వేసుకుని నిద్రపోయాడు. ఆయన గుర్రు వినపడ్డాక జమున షెడ్డులోకి వచ్చి చూసింది. కుర్చీ నిండా గీతలే. దాన్నంతా రుద్దేసి, ముప్పై ఏళ్లు కళ్లతో చూసిన పనిని మొదటిసారి తన చేత్తో చేసింది. మూడుసార్లు చెడగొట్టి నాలుగోసారికి సాధించింది.

సదానందానికి ఒక అలవాటుంది. షెడ్డులోంచి ఏ సామాను బయటికి పోవాలన్నా ముందు ఆయన కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి నడపాలి. కొనుక్కున్నవాళ్లు కూడా ఆ అరచెయ్యి కోసం ఆగుతారు, అది చూడ్డానికే కొందరు వస్తారు. ఆ చెయ్యి ఎంత వణికినా అరచేతిలోని తెలివికి మాత్రం ఏ జబ్బూ తగల్లేదు. ఆ కుర్చీ మీద చెయ్యి నడిపి, "నా చెయ్యి యాడికి పోలేదే" అన్నాడు. జమున కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఒక్క కుర్చీతో అయిపోతుంది అనుకుంది పిచ్చిది. మర్నాడే రెండు తలుపులు వచ్చాయి.

అదిగో, అక్కడ ఇరుక్కుంది.

ఆ రోజు నుంచీ ఆమె పొద్దును ఓపెన్‌కాస్టు బొగ్గు గని నడుపుతుంది. మధ్యాహ్నం రెండున్నరకు అక్కడ బ్లాస్టింగు. సైరన్ కూయగానే బస్తీలో ఆడవాళ్లు ఆరేసిన బట్టలు లోపలికి లాగి, ఎండబెట్టిన మిరపకాయల మీద చీరలు కప్పుతారు. ధన్‌మని నేల అదురుతుంది, అల్మారాలో గిన్నెలు గలగలమంటాయి. ఆ వెనకే దుమ్ము లేస్తుంది. తడి పూత మీద ఆ దుమ్ము పడిందంటే మిరియాల పొడి చల్లినట్టు అయిపోతుంది, ఇక ఎన్ని పూతలు పెట్టినా లోపల నల్లగా కనపడుతూనే ఉంటుంది. అందుకే ఈ ఊళ్లో పాలిష్ పనివాళ్లకు ఆఖరి చెయ్యికి రెండే వేళలు. బ్లాస్టింగుకు ముందు బాగా ఆరేలా పొద్దున్నే పెట్టుకోవాలి, లేదా దుమ్ము అణిగాక సాయంత్రం లోపల పెట్టుకోవాలి. సదానందం పదకొండు లోపల పెట్టేస్తాడు. పూత మీదికి దుమ్ము రాకుండా పరదా దించి, అన్నం తిని, గోళీల మత్తుకు అయిదింటి దాకా లేవడు. ఆ పూత గట్టిపడితే గానీ ఎమిరీ ఆడదు. కాబట్టి జమున గిన్నెలు తోముకుని, షెడ్డు స్తంభానికి ఆనుకుని బ్లాస్టింగు కోసం కాసుకుంటుంది. ఒక్కోసారి కునుకు పడుతుంది. పడితే ఏం, గని లేపుతుంది. లేచి, దుమ్ము అణిగిందాకా ఆగి, మూడు నుంచి అయిదు లోపల చేసేస్తుంది.

"ఒక్క పనిని రెండుసార్లు చేసుడు నీకే చెల్లిందే జమునా" అంటుంది లింగవ్వ, రెండిళ్ల నడుమ పొట్టి గోడ మీంచి. ఆమె మొగుడు గనిలో పనిచేసి దిగిపోయి, తర్వాత పోయాడు. ఆమె మాటలకు మాత్రం రిటైర్మెంటు లేదు. "చెప్పెయ్యరాదే, నీ చెయ్యి పోయింది, నాది వచ్చిందని? మొగోడు ఒకపూట అలుగుతడు, ఆకలైతే లేస్తడు."

"పదకొండు దినాలు లేవలే అవ్వా. నువ్వు చూడలేదా?"

"చూసిన. నిన్ను గూడ చూస్తున్న. ముందుగాల నువ్వే పోయెటట్టున్నవ్."

జమున ఎడమ చేత్తో కుడి భుజం ఒత్తుకుంది. తనకూ అలాగే అనిపిస్తున్నదని ఎలా చెబుతుంది?

మాఘమాసం వచ్చింది. ముహూర్తాల కాలం. షెడ్డు నిండా తలుపులు, నిలబడటానికి చోటు లేదు. వాటిలో పెద్దది, రెండు రెక్కలది, చంద్రమతిగారిది. గుంటూరు వైపు మనుషులు. ఆమె మొగుడు పవన్‌కుమార్ శ్రీరాంపూర్‌లో ఇంజనీరు. మంచిర్యాలలో ఇల్లు కట్టుకున్నారు, శుక్రవారం గృహప్రవేశం. బుధవారం సాయంత్రం తలుపు తీసుకుపోతే గురువారం వడ్రంగి బిగిస్తాడని లెక్క.

బుధవారానికి జమునకు ఒంట్లో ఏమీ బాగాలేదు. వారం నుంచి లోపల జ్వరం, పైకి చెబితే పని ఆగుతుందని చెప్పలేదు. దానికి తోడు మంగళవారం పొద్దుగూకాక కాలం కాని వాన దంచి కొట్టింది. రేకుల సందుల్లోంచి కారే నీళ్లకు గిన్నెలు పెడుతూ, తలుపుల మీద ప్లాస్టిక్ పట్టాలు కప్పుతూ సరిగ్గా పడుకోనేలేదు. పొద్దున ఎండ కాసింది. సదానందం పదకొండు లోపల పెద్ద తలుపు రెండు రెక్కలకూ ఆఖరి చెయ్యి పెట్టాడు. జమున పక్కన నిలబడి చూసింది. పోట్లీ కిందికి వస్తుంటే చేపపిల్ల కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. ఆయన ముఖంలో మాత్రం ఎంత నెమ్మది!

"ఎట్లున్నదే?"

"మస్తున్నది బావా."

ఆయన తిని పడుకున్నాడు. జమున గిన్నెలు తోమింది. ఎమిరీ ముక్కలు చింపి పక్కన పెట్టుకుంది. కొత్త పోట్లీ కట్టుకుంది. అన్నీ సిద్ధం చేసుకుని స్తంభానికి వీపు ఆనించి కూర్చుంది. సైరన్ ఎప్పుడు కూస్తుందా అని వింటూ కూర్చుంది. ఇంకా కూయలేదు. ఇంకా టైం ఉందన్నమాట, అనుకుంది. కాళ్లు చాపుకుంది. ఇంకా కూయలేదు.

ఆటో హారను మోగింది.

కళ్లు తెరిస్తే ఎండ షెడ్డు రెండో కొసకు పోయింది. ఎదురుగా ట్రాలీ ఆటో నడిపే అంజి, వాడి వెనక పట్టుచీర మడతలు సర్దుకుంటూ చంద్రమతిగారు. సదానందం అప్పటికే లేచి, ముఖం కడుక్కుని, తుండు భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు.

"లేపుదమనుకున్న" అన్నాడు జమునతో. "బాగ నిద్రవొయ్యినవ్ గదాని ఊకున్న."

జమున చప్పున లేచింది. "టైం ఎంతయింది అంజీ?"

"అయిదున్నర, అక్కా."

"మరి బ్లాస్టింగు?"

"ఇయ్యాల యాడ బ్లాస్టింగు! నిన్నటి వానకు మందు పెట్టే బొక్కలల్ల నీళ్లు నిండినయట. రేపటికేసిండ్రు."

అంతే సంగతి. రెండేళ్లలో గని పేలని రోజు ఒక్కటి, జమున లేవకుండా నిద్రపోయిన రోజు ఒక్కటి. రెండూ ఒకటే రోజు కావాలా?

సదానందం పరదా పైకి లేపాడు. సాయంత్రపు ఎండ తలుపు మీద పడింది. జమున తల తిప్పుకుంది. చంద్రమతిగారు మాత్రం రెండు చేతులూ బుగ్గలకు ఆనించుకున్నారు.

"అబ్బ, ఎంత బాగుందండీ సదానందంగారూ! మొహం కనబడిపోతోంది. మా వారు చూస్తే ఏమంటారో! ఎక్కించెయ్, అంజీ, జాగ్రత్త."

"ఉండమ్మా" అన్నాడు సదానందం. "చెయ్యి నడపాలె కద."

"అయ్యో, అవును. మర్చిపోయాను. కానివ్వండి."

కళ్లు మూసుకున్నాడు. అరచెయ్యి తలుపు పైఅంచున పెట్టాడు. కిందికి నడిపాడు. జానెడు దిగి చెయ్యి ఆగింది. మళ్లీ పైకి పోయింది. మళ్లీ దిగింది, ఆగింది. రెండో రెక్క మీదికి పోయింది. అక్కడా ఆగింది. జమున ఆ చెయ్యినే చూస్తున్నది. సదానందం కళ్లు తెరిచాడు.

"దీన్ని ఎవలు ముట్టిండ్రు?"

అంజి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను పెట్టిన చెయ్యి నాకెర్కలేదా? ఇది నాది కాదు. నా చెయ్యి గిట్ల గీతలు గీతలుగ ఉండదు. ఎవలు ముట్టిండ్రు?" జమున వైపు తిరిగాడు. "నువ్వా?"

రెండేళ్లలో మొదటిసారి ఆయన తన చేతిపనిని తన అరచేత్తో తడిమాడు, తడిమి ఇది నాది కాదన్నాడు! జమున నాలుక చివరనే ఉంది నిజం. 'నీదే బావా. రెండేండ్ల సంది నీది గిట్లనే ఉంటున్నది. నువ్వు నీదనుకునేది నాది.' మూడు ముక్కలు. అనేస్తే అయిపోతుంది. ఈ రుద్దుడు ఉండదు, ఈ కాపలా ఉండదు, రేపటి నుంచి కడుపునిండా నిద్రపోవచ్చు. ఆ నిద్ర తలచుకుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది.

గోడ మీంచి లింగవ్వ తల లేచింది. ఆమెకు చెవులు ఎప్పుడూ ఇటే. "ఓ సదానందం" అని మొదలుపెట్టింది, "నీకో మాట చెప్పాలె..."

జమున ఆమె వైపు చూసింది. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. లింగవ్వ నోరు అలాగే మూతపడింది.

షెడ్డులోంచి చూస్తే ఇంటి లోపలి మంచం కనపడుతుంది. మంచం పక్కన గోడ, గోడ మీద ఆ నూనె మరక. రెండుసార్లు సున్నం వేసినా అది పోలేదు. జమున దాన్ని చూసింది.

"నేనే బావా" అంది. "నువ్వు పండుకున్నంక, ఒక దగ్గర జర తక్కువయినట్టనిపిస్తే, పోట్లీ పట్టిన. తప్పయింది."

సదానందం ఒంట్లో ఉన్న వణుకంతా గొంతులోకి వచ్చింది. "నీకెన్నిసార్లు చెప్పిన? రుద్దుడు నీది, పోట్లీ నాదని చెప్పిన్నా లేదా? ముప్పై ఏండ్ల పేరు! నీకు రాని పనిల చెయ్యెందుకు పెట్టినవ్? నన్ను లేపితే నేను లేవనా?"

"లేస్తవ్."

"మరి?"

జమున తల దించుకుంది. చంద్రమతిగారు ఇబ్బందిగా ఇద్దరి మధ్యకూ వచ్చారు.

"పోనివ్వండి సదానందంగారూ, పాపం ఆవిడను ఏమనకండి. నాకైతే తేడా ఏం కనబడట్లేదు. బాగానే ఉంది కదా?"

జమున చప్పున తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. ఆవిడ మొహమాటానికి అనలేదు. నిజంగానే ఆవిడకు ఏ తేడా కనపడలేదు. అంజికీ కనపడలేదు. ఎంత నవ్వొచ్చే సంగతి, ఎంత ఏడుపొచ్చే సంగతి! భుజం విరిగేలా రుద్దిన ఈ రెండేళ్లలో తీసుకుపోయినవాళ్లలో ఎందరికి తెలిసి ఉంటుంది? ఆమె పాలిష్ పెట్టింది వాళ్ల తలుపులకు కాదు. తన మొగుడి అరచేతికి.

"మీకు కనవడది అమ్మా" అన్నాడు సదానందం, ఈసారి మెల్లగా. "నాకు కనవడ్డది కద. ఇయ్యాల తలుపు పోదు. రేపు నాలుగ్గంటలకు పంపిస్త, అంజే తెస్తడు. సాయంత్రం బిగించుకోండ్రి. మీ ముహూర్తం తప్పనియ్య."

చంద్రమతిగారు కాసేపు నసిగారు, వడ్రంగికి ఫోన్ చేశారు, చివరికి సరేనన్నారు. ఆటో ఖాళీగా పోయింది.

పొద్దుగూకుతుండగా ఇద్దరూ అన్నానికి కూర్చున్నారు. ఆయన తింటాడా, తినడా అని జమున కంచం వంకే చూస్తున్నది. ఆయన ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అడిగాడు.

"గిట్ల ఎన్నింటి మీద పెట్టినవే?"

"గిదొక్కటే."

"అబద్ధం చెప్పకు."

జమున చేతిలో గరిటె కదల్లేదు.

"గా సదయ్య బిడ్డ పెండ్లి మంచం? పోయిన నెలది?"

"అది నీదే బావా."

"ఆఁ. అది నాదే. నాకు యాదికుంది." ఆయన ముఖం విప్పారింది. "ఆ మంచం కోళ్ల మీద చెయ్యి పెడితే జారిపోయింది చూడు. గట్ల కుదురుడు నాకే ఎన్నడో ఒకసారి. ఎంత నున్నగుండె!"

"అవు బావా" అంది జమున. "మస్తు నున్నగుండె."

ఆ మంచానికి ఆమె మూడు మధ్యాహ్నాలు పెట్టింది. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే వినాలని ఎంత ఉండేదో ఆమెకు అప్పుడే తెలిసింది. ఆయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ఇంకో గరిటె పప్పు వేసింది.

మర్నాడు పొద్దున ఆయనే ముందు లేచాడు. జమునతో రెండు రెక్కలూ రుద్దించాడు. వద్దన్నా వినకుండా పక్కన కూర్చుని తానూ రుద్దాడు. రెండు పూతలు ఆయనే పెట్టాడు, ఎమిరీతో సాఫు చేసింది జమున. ఆఖరి చెయ్యికి తొమ్మిదిన్నర అయింది. జమున పోట్లీ తడిపి ఆయన చేతికిచ్చింది. మనసులో లెక్క వేసుకుంటూనే ఉంది. ఆయన పడుకునేది ఒంటిగంటకు, బ్లాస్టింగు రెండున్నరకు, అంజి వచ్చేది నాలుగింటికి. ఇవ్వాళ గంట కూడా దొరకదు. దేవుడా, ఎట్లా?

సదానందం పోట్లీ తీసుకోలేదు.

"నువ్వే పట్టు" అన్నాడు.

"నేనా?"

"రాని పని దొంగతనంగ చేసుడెందుకు, నేర్సుకుంటే అయిపాయె. నాకు గూడ వయసు మీదపడ్తున్నది. పట్టు. నీ చెయ్యి మీద నా చెయ్యి పెడత. నేను ఎట్ల తీస్కపోతే గట్ల రా. సొంత తెలివి చూపియ్యకు."

గోడకవతల లింగవ్వకు దగ్గు వచ్చింది. అది దగ్గేనో, నవ్వో.

జమున పోట్లీ తలుపు పైఅంచుకు ఆనించింది. ఆయన ఎముకల చెయ్యి వచ్చి ఆమె చేతి మీద కూర్చుంది. అది వణికింది. ఆమె చెయ్యి కూడా దాంతో పాటు వణికింది. పోట్లీ ఇంకా కదల్లేదు కాబట్టి సరిపోయింది. జమున మణికట్టు బిగించింది. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించింది. ఆ బరువంతా భుజం మీద పడితే ప్రాణం గిలగిల్లాడింది. అయినా వదల్లేదు. ఒక్క లాగుడు. పైనుంచి కిందికి, మోకాళ్లు వంచుకుంటూ, ఇద్దరూ కలిసి దిగారు. సగానికి వచ్చేసరికి ఆమె చేతి మీద ఆయన చెయ్యి కుదుటపడింది. వణుకు పూర్తిగా పోలేదు, పోట్లీ దాకా మాత్రం రాలేదు.

"గిట్ల" అన్నాడు సదానందం ఊపిరి పీల్చుకుంటూ. "తెలిసిందా?"

"తెలిసింది."

"ఏం తెలుస్తది ఒక్కసారికి! చేతిల బలం ఉన్నది గని పద్ధతి లేదు నీకు. మణికట్టు ఊకె బిగవడ్తవ్. జర వదులు చెయ్యాలె."

"నువ్వు చెప్పు బావా, నేను వింట."

రెండో రెక్క కూడా అలాగే అయింది. నడుమ రెండుసార్లు తిట్టాడు, ఒకసారి మెచ్చుకున్నాడు. పదకొండుకు పరదా దించారు. ఒంటిగంటకు ఆయన పరదా ఎత్తి, కళ్లు మూసుకుని అరచెయ్యి నడిపాడు. పైనుంచి కిందిదాకా పోయింది, ఎక్కడా ఆగలేదు. రెండో రెక్క మీదా ఆగలేదు.

"సూసినవా? ఇది నా చెయ్యి" అన్నాడు. తలుపును మళ్లీ ఒకసారి నిమిరి, "నీ చెయ్యి గూడ జర ఉన్నదనుకో" అని కలిపాడు. "రోజు ఒకటి నేర్పుత. ఏడాది పడ్తది నీకు."

"ఏడాది గాకపోతే పదేండ్లు పట్టనియ్యి" అంది జమున.

ఇక చెయ్యాల్సింది ఏమీ లేదు. ఆ సంగతి ఒంటికి ఎక్కడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. తలుపు అయిపోయింది, ఒక్కసారికే అయిపోయింది. ఎమిరీ చింపే పని లేదు, రెండో పోట్లీ కట్టే పని లేదు, గురక కోసం చెవి ఒగ్గే పని లేదు. గిన్నెలు కూడా తోమకుండా షెడ్డులో చాప పరుచుకుని ఒరిగింది. కళ్లు మూతపడ్డది కూడా ఆమెకు తెలియదు.

రెండున్నరకు సైరన్ కూసింది. గని పేలింది. నేల అదిరింది, అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. ఎప్పుడూ ఆ చప్పుడుకు ఉలిక్కిపడి లేచే మనిషి లేవలేదు. లింగవ్వ గోడ మీంచి తల పెట్టి, "జమునా, ఓ జమునా, పేలిందే! లేస్తలేవేందే?" అని అరిచింది.

నిద్రలోపలికి ఎక్కడి నుంచో సదానందం గొంతు వచ్చింది. ఆ రోజు ఆయన పడుకోలేదు, తలుపుకు కాపలా కూర్చున్నాడు.

"లేపకు లింగవ్వా. పండుకోనియ్యి. కొత్తగ పని నేర్సుకుంటున్నది కద, అలసిపోయింది."

జమున ఆ మాట విన్నది. కొంగు ముఖం మీదికి లాక్కుని, అటు తిరిగి పడుకుంది.